బేస్ గిటార్లలో అసలు తేడా ఎక్కడుంది? ప్రెసిషన్, జాజ్, స్టింగ్‌రే పక్కపక్కన

[తెర నల్లగా ఉంటుంది. నాలుగు బార్ల లైన్ ఒకటి మూడుసార్లు వినిపిస్తుంది. ప్రతిసారీ బేస్ మారుతుంది.]

ఇప్పుడు మీరు విన్నవి మూడు వేరు వేరు బేస్ గిటార్లు. వాయించిన చెయ్యి ఒకటే, తీగలు ఒకే రకం. యాంప్ లేకుండా నేరుగా ఇంటర్‌ఫేస్‌లోకి, అంటే గిటార్ శబ్దాన్ని కంప్యూటర్‌కు పంపే పెట్టెలోకి, రికార్డ్ చేశాను. ఈక్యూ (స్వరాల పాళ్లు సర్దడం), కంప్రెషన్ (హెచ్చుతగ్గులు సమం చేయడం) ఏవీ వేయలేదు. ఫోన్ స్పీకర్లో వింటున్నవాళ్లకు మూడూ ఇంచుమించు ఒకేలా అనిపించి ఉంటాయి. అన్నిటికంటే లావుగా ఉండే ఇ తీగను ఖాళీగా మీటితే సెకనుకు 41 సార్లు ఊగుతుంది. అంత కింది స్వరాన్ని ఫోన్ స్పీకర్ పలికించలేదు. దాని పైన పుట్టే హార్మోనిక్స్, అంటే అదే తీగలో అడుగు స్వరంతో పాటు మోగే పై స్వరాలు, మాత్రమే మనదాకా వస్తాయి, అడుగు స్వరాన్ని మన చెవే పూరించుకుంటుంది. అందుకని హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. ఇంకోసారి వినిపిస్తాను.

[అదే లైన్ మళ్లీ. ఈసారి తెర మీద ఒక్కొక్కటిగా పేర్లు: ప్రెసిషన్, జాజ్, స్టింగ్‌రే.]

మొదటిది మధ్యలో బరువుగా, కాస్త మొద్దుగా ఉంది. రెండోది శుభ్రంగా, వేళ్ల గీతలు కూడా వినపడేంత స్పష్టంగా ఉంది. మూడోది ముందుకు దూసుకొచ్చింది. ఇంత తేడా ఎక్కడి నుంచి వస్తోంది? చాలామంది ముందు చెక్క గురించి అడుగుతారు. నేను ముందు పికప్ ఎక్కడ బిగించారో చూస్తాను.

[క్లోజప్: పికప్, దాని మీదుగా వెళ్తున్న తీగలు.]

పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక కంటే సన్నటి రాగి తీగ వేల చుట్లు. పైన ఉక్కు తీగ కదిలినప్పుడు ఆ రాగి చుట్లలో సన్నటి కరెంటు పుడుతుంది. అంతే. గాలిలో మోగే శబ్దం దానికి పట్టదు, తన పైన ఉన్న ఆ కాస్త మేర తీగ ఎలా ఊగుతోందో అదే పంపిస్తుంది. బ్రిడ్జ్ దగ్గర, అంటే బాడీ మీద తీగలు బిగించిన చోట, తీగ ఎక్కువ ఊగదు, అక్కడ అడుగు స్వరం పలచగా, పై హార్మోనిక్స్ ఘాటుగా దొరుకుతాయి. నెక్ (ఎడమ చేత్తో పట్టుకునే పొడవాటి చెక్క) వైపు వచ్చేకొద్దీ తీగ బాగా ఊగుతుంది, స్వరం గుండ్రంగా, నిండుగా వస్తుంది. పికప్ లేకుండానే దీన్ని వినొచ్చు. మీ చేతిలో ఏ గిటార్ ఉన్నా సరే, ఒకసారి బ్రిడ్జ్ పక్కనే మీటండి, ఒకసారి నెక్ చివర మీటండి.

ఇప్పుడు ప్రెసిషన్ దగ్గరికి వద్దాం.

కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో లియో ఫెండర్ దీన్ని 1951లో మార్కెట్లోకి తెచ్చాడు. ఆయనకు గిటార్ వాయించడం రాదు, రేడియోలు బాగుచేసే పని నుంచి వచ్చిన మనిషి. తీగ పొడవు 34 అంగుళాలుగా పెట్టాడు. ఇప్పటికీ లోకంలో ఎక్కువ బేస్‌లకు అదే కొలత. మొదట్లో దీనికి సింగిల్ కాయిల్ పికప్, అంటే ఒకే చుట్ట ఉన్నది, ఉండేది. 1957లో వచ్చిన మార్పే అసలు సంగతి. పికప్‌ను రెండు ముక్కలు చేశారు. ఒక ముక్క ఇ, ఎ తీగల కింద, ఇంకో ముక్క డి, జి తీగల కింద. రెండిటి చుట్లూ ఎదురెదురు దిశల్లో, అయస్కాంతాలు కూడా తలకిందులుగా. కరెంటు లైన్ల నుంచి వచ్చే హమ్, అంటే గుయ్ మనే మోత, రెండిట్లోనూ పుడుతుంది, కానీ ఒకదాన్ని ఒకటి కొట్టేసుకుంటాయి. తీగల శబ్దం మాత్రం మిగులుతుంది.

ఇంకో చిన్న విషయం గమనించండి. లావు తీగల ముక్క నెక్ వైపు, సన్న తీగల ముక్క బ్రిడ్జ్ వైపు ఉంటాయి. దాని వల్ల లావు తీగలు మెత్తగా, సన్నవి కాస్త గట్టిగా పలుకుతాయి. కొందరు తయారీదారులు దీన్ని తిరగేసి పెడతారు, ఇ తీగ బిగుతుగా వినపడాలని. నాకు ఆ తిరగేసిన పద్ధతే ఇష్టం, ముఖ్యంగా పిక్‌తో (తీగలు మీటే చిన్న ప్లాస్టిక్ ముక్కతో) వాయించేటప్పుడు.

[ప్లే: ప్రెసిషన్, టోన్ నాబ్ పూర్తిగా తెరిచి. తర్వాత సగం. తర్వాత పూర్తిగా మూసి.]

ఒకటే పికప్, రెండే నాబ్‌లు. అయినా ఎన్ని గొంతులు వచ్చాయో విన్నారు కదా. డెట్రాయిట్‌లో మోటౌన్ అనే రికార్డింగ్ కంపెనీ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ దగ్గర ఉన్నది 1962 నాటి ప్రెసిషన్. ఫ్లాట్‌వౌండ్ తీగలు (పైన నున్నటి చుట్టు ఉన్నవి), బ్రిడ్జ్ దగ్గర తీగల కింద ఫోమ్ ముక్క, కుడి చేతిలో ఒక్క చూపుడు వేలు. తీగలు తెగితే తప్ప మార్చేవాడు కాదని ఆయనకు పేరు. కొత్త రౌండ్‌వౌండ్ తీగలు (గరుకు చుట్టు ఉన్నవి) వేసిన ప్రెసిషన్ విని "ఆ సౌండ్ రావట్లేదే" అని గిటార్ మార్చేవాళ్లున్నారు. ముందు తీగలు మార్చండి. గిటార్ మార్చే ఖర్చుతో పోలిస్తే అది చిన్నదే, తేడా మాత్రం పెద్దది.

[కట్: జాజ్ బేస్. రెండు పికప్‌ల మీద కెమెరా.]

జాజ్ బేస్ 1960లో వచ్చింది. రెండు సింగిల్ కాయిల్ పికప్‌లు, ఒక్కోదానికి ఒక్కో వాల్యూమ్. నట్ (నెక్ పై చివర తీగలు ఆనే పట్టీ) దగ్గర నెక్ సన్నగా, దాదాపు 38 మిల్లీమీటర్లు. పాత ప్రెసిషన్ల నెక్ అక్కడ 44 దాకా ఉండేది. వేళ్లు పొట్టిగా ఉన్నవాళ్లు ఈ రెండూ పట్టుకుని చూస్తే తేడా చేతికే తెలుస్తుంది.

రెండు వాల్యూమ్‌లూ పూర్తిగా తెరిస్తే రెండు పికప్‌ల శబ్దాలు కలిసి, మధ్య ఫ్రీక్వెన్సీల్లో కొన్ని ఒకదానికొకటి రద్దవుతాయి. అందుకే స్లాప్ చేస్తే, అంటే బొటనవేలితో తీగను కొట్టి వాయిస్తే, అంత మెరుపు. ఒక పికప్ చుట్లు రెండోదానికి ఎదురు దిశలో ఉంటాయి కాబట్టి హమ్ కూడా పోతుంది. బ్రిడ్జ్ వైపున్న వెనక పికప్ ఒక్కటే తెరిస్తే శబ్దం ముక్కుతో పలికినట్టు, కానీ ప్రతి స్వరం విడివిడిగా వస్తుంది. బేస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్ తన ఫ్రెట్‌లెస్ (నెక్ మీద ఫ్రెట్లనే లోహపు గీతలు లేని) 1962 జాజ్ బేస్ మీద వాడుకున్నది ఎక్కువగా ఆ వెనక పికప్‌నే.

[ప్లే: ముందు పికప్ మాత్రమే. వెనకది మాత్రమే. రెండూ కలిపి.]

1970లలో ఫెండర్ ఆ వెనక పికప్‌ను బ్రిడ్జ్ వైపు ఇంకో సెంటీమీటరు జరిపింది. ఒక్క సెంటీమీటరే, కానీ శబ్దం ఇంకాస్త పదునెక్కింది. ఇంకో బేస్ వాద్యకారుడు మార్కస్ మిల్లర్ చేతిలో ఉండే 1977 జాజ్ బేస్ ఆ కాలానిదే. ఈ రోజు కొత్త బేస్ కొనేటప్పుడు పికప్ స్థానం అరవైల నాటిదా డెబ్బైల నాటిదా అని అడిగే హక్కు మీకుంది. కంపెనీలు స్పెసిఫికేషన్‌లో రాస్తాయి, చదవండి.

ఇక జాజ్ బేస్‌తో మన ఇళ్లలో వచ్చే అసలు తంటా హమ్. ఒక వాల్యూమ్ కాస్త తగ్గించగానే ఆ రద్దయ్యే లెక్క తప్పుతుంది, గుయ్ మని మొదలవుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. ఇ తీగ మూడో ఫ్రెట్ మీద జి స్వరం 49 హెర్ట్జ్. అంటే హమ్ సరిగ్గా మనం వాయించే చోటే కూర్చుంటుంది, ఈక్యూతో కోసేద్దామంటే స్వరం కూడా తెగుతుంది. ఎర్తింగ్ సరిగా లేని ప్లగ్గు, ఫ్యాన్ రెగ్యులేటర్, లైట్ డిమ్మర్, ఇవన్నీ దాన్ని పెంచేవే. ముందు ఎర్తింగ్ చూపించుకోండి. బేస్ పట్టుకుని గదిలో కొంచెం తిరిగి నిలబడినా హమ్ తగ్గడం మీరే గమనిస్తారు. చర్చిలోనో స్టేజి మీదో లైటింగ్ డిమ్మర్ల పక్కన వాయించాల్సినవాళ్లు హమ్ రాని పికప్‌లున్న జాజ్ బేస్ చూసుకోవడం మంచిది.

మధ్యలో ప్రెసిషన్ పికప్, వెనక జాజ్ పికప్ పెట్టిన పీజే బేస్‌లు తక్కువ ధరల్లో చాలా కనిపిస్తాయి. పనికొచ్చేవే. ముందుది తన హమ్ తానే కొట్టేసుకుంటుంది కానీ వెనకది సాధారణ సింగిల్ కాయిల్ అయితే దాని హమ్‌ను ఆపేవాళ్లు ఎవరూ ఉండరు. రెండూ కలిపినప్పుడు కూడా.

[కట్: స్టింగ్‌రే.]

ఫెండర్ కంపెనీని 1965లో సీబీఎస్ అనే అమెరికన్ కంపెనీకి అమ్మేసిన లియో, తర్వాత మ్యూజిక్ మ్యాన్ అనే కంపెనీకి పనిచేశాడు. 1976లో వచ్చిన స్టింగ్‌రే ఆయన మూడో పెద్ద బేస్. ఒకే పెద్ద హంబకర్ (హమ్ కొట్టేసుకునే రెండు చుట్టల పికప్), అందులో ఎనిమిది పోల్ పీసులు (తీగల కింద ఉండే అయస్కాంతపు కడ్డీలు), లోపల 9 వోల్టుల బ్యాటరీతో నడిచే ప్రీయాంప్ (శబ్దాన్ని పెంచే సర్క్యూట్). ఇక్కడ చాలామంది తికమక పడతారు. ఇలా బ్యాటరీతో నడిచేదాన్ని యాక్టివ్ బేస్ అంటారు, కానీ యాక్టివ్ అన్నది పికప్ కాదు, దాని వెనక ఉన్న సర్క్యూట్. బేస్ (కింది స్వరాలు), ట్రెబుల్ (పై స్వరాలు) నాబ్‌లు పెంచడానికి కూడా పనికొస్తాయి, పొడవాటి కేబుల్‌లో ట్రెబుల్ పోదు. చిక్ బ్యాండ్‌లో బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ డిస్కో బేస్ వినండి, ఆ బిగువు ఈ బేస్‌దే.

కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. ప్రాక్టీస్ అయ్యాక కేబుల్ తీసేయండి. పాసివ్ స్విచ్ (బ్యాటరీ లేకుండా నడిపే స్విచ్) లేని బేస్‌లో బ్యాటరీ అయిపోతే, పాట మధ్యలో శబ్దం మొరాయించి ఆగిపోతుంది.

[తెర: పూర్తి పాట సెషన్. డ్రమ్స్, కీబోర్డ్ ప్యాడ్, రిథమ్ గిటార్, గొంతు.]

నేను ఈ వీడియో చేసింది ఈ భాగం కోసం. ఇంతవరకూ ఒంటరిగా విన్న మూడు బేస్‌లనూ ఒకే పాటలో పెడుతున్నాను. ఫేడర్ (శబ్దం హెచ్చుతగ్గులు చేసే మీట) కదపను.

[ప్లే: పాట, జాజ్ రెండు పికప్‌లతో. అదే పాట, ప్రెసిషన్‌తో. అదే పాట, స్టింగ్‌రేతో.]

ఒంటరిగా ఉన్నప్పుడు అందరికంటే అందంగా మోగిన జాజ్ స్లాప్ టోన్ ఇక్కడ ఎక్కడికి పోయింది? కింది భాగం కిక్ డ్రమ్ తీసుకుంది, పై మెరుపును గిటార్, సింబల్స్ కప్పేశాయి, మధ్య భాగం మొదటి నుంచీ లేనే లేదు. ప్రెసిషన్‌కు అదే మధ్య భాగం ఉంది. ఒంటరిగా మొద్దుగా అనిపించిన ఆ శబ్దమే ఇక్కడ ప్రతి స్వరం తెలిసేలా నిలబడింది. జాజ్ బేస్ చెడ్డదని కాదు, దాని వెనక పికప్ వైపు తిప్పి చూడండి, పాటలోకి తిరిగి వస్తుంది.

ఇది మనకు ఇంకా ముఖ్యం. ఇళయరాజా పాటలు వినండి. అక్కడ బేస్ తాళానికి కాపలా కాసి ఊరుకోదు, గొంతు కింద తన సొంత దారిలో ఇంకో వరుస నడుపుతుంది. అలాంటి లైన్ వినపడాలంటే మధ్య ఫ్రీక్వెన్సీలు ఉండి తీరాలి. దుకాణంలో ఒంటరిగా స్లాప్ చేసి "అదిరింది" అని కొనేస్తే, బ్యాండ్‌లో మీ వాయింపు ఎవరికీ వినపడదు. కొనేముందు ఫోన్‌లో ఒక పాట పెట్టి, దాని మీద వాయించి చూడండి. ఇంకొక్క మాట. మీ కీబోర్డ్ ప్లేయర్ ఎడమ చేత్తో కింది స్వరాలు పట్టుకుని ఉంటే ఏ బేస్ కొన్నా బురదే. ఆ చేతిని ఒక ఆక్టేవ్ పైకి జరపమని అడగండి.

[కట్: టేబుల్ మీద బేస్, పక్కన అలెన్ కీ, ట్యూనర్.]

ఇక తయారీ నాణ్యత. బాడీ చెక్క ఆల్డరా, యాషా, పాప్లరా అన్నది నా లెక్కలో చివరి ప్రశ్న. మొదటి ప్రశ్న నెక్. నాలుగు తీగలూ కలిసి ఆ సన్నటి చెక్కను 70 కిలోలకు పైగా బలంతో లాగుతుంటాయి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో వానాకాలం ఒకలా, ఏసీ గదిలో ఇంకోలా నెక్ కదులుతుంది. మొదటి ఫ్రెట్ ఒక చేత్తో, చివరి ఫ్రెట్ ఇంకో చేత్తో నొక్కి, ఏడో ఫ్రెట్ దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సందు చూడండి. విజిటింగ్ కార్డు దూరేంత ఉంటే బాగున్నట్టే. అస్సలు సందు లేకపోయినా, మరీ ఎక్కువున్నా ట్రస్ రాడ్ (నెక్ లోపల ఉండి దాని వంపు సర్దే ఇనుప కడ్డీ) సర్దాలి, ఒక్కసారికి పావు తిప్పు మించకుండా.

నెక్ అంచు వెంట అరచెయ్యి జరపండి. ఫ్రెట్ల చివరలు గీసుకుంటే, చెక్క ఎండి కుంచించుకుపోయిందని అర్థం. ప్రతి తీగ మీద ప్రతి ఫ్రెట్ వాయించండి, ఓపిగ్గా. జి తీగ మీద అయిదు, ఆరు, ఏడు ఫ్రెట్ల దగ్గర కొన్ని బేస్‌ల స్వరం నిలవకుండా చప్పున చచ్చిపోతుంది. దాన్ని డెడ్ స్పాట్ అంటారు. ఖరీదైన వాటిలో కూడా ఉంటుంది, సెటప్‌తో పూర్తిగా పోదు. అదే మోడల్‌లో ఇంకో పీస్ అడగండి. పన్నెండో ఫ్రెట్ స్వరం ట్యూనర్ మీద ఖాళీ తీగకు సరిగ్గా ఆక్టేవ్ రాకపోతే మాత్రం కంగారు పడకండి, బ్రిడ్జ్ మీద తీగ ఆనే చిన్న ముక్క, అంటే శాడిల్, జరిపితే కుదురుతుంది. నాబ్ తిప్పితే కరకరలాడినా అది చిన్న మరమ్మతే.

స్ట్రాప్ వేసుకుని నిలబడి చేతులు వదిలేయండి. బేస్ తల (నెక్ చివర) కిందికి వాలిపోతే రెండు గంటల ప్రోగ్రామ్‌లో మీ ఎడమ చెయ్యి సగం పని దాన్ని మోయడానికే చేస్తుంది.

అయిదు తీగల బేస్ కావాలనుకునేవాళ్లు బి తీగనే పరీక్ష పెట్టండి. అది 31 హెర్ట్జ్. కొన్ని బేస్‌లలో ఆ తీగ జారుడుగా, స్వరం తేలనట్టు ఉంటుంది. అందుకే కొందరు తీగ పొడవు 35 అంగుళాలు చేస్తారు. మీరు వాయించే పాటల్లో అంత కిందికి దిగే పని లేకపోతే, అదే డబ్బుకు దొరికే నాలుగు తీగల బేస్ చాలాసార్లు మెరుగ్గా కట్టి ఉంటుంది.

ఫెండర్ వాళ్ల చవక బ్రాండ్ స్క్వైర్, యమహా, ఐబనెజ్, సైర్, వీటిలో మొదటి బేస్ వెతుక్కోవచ్చు. బ్రాండ్ ఏదైనా, సెటప్ ఖర్చు కూడా బడ్జెట్‌లో కలుపుకోండి. సెకండ్ హ్యాండ్ కొంటుంటే అమ్మేవాళ్ల ముందే ట్రస్ రాడ్‌కు అలెన్ కీ పెట్టి కొంచెం తిప్పి చూపించమనండి. అది బిగుసుకుపోయి తిరగకపోతే, పికప్‌లు ఎంత గొప్పవైనా ఆ బేస్ అక్కడే వదిలేసి రండి.