హాల్లో టీవీకి ఏది కలపాలి: పీసీనా, కన్సోలా?

యాంకర్: నమస్కారమండీ, లైన్‌లో ఉన్నారు, చెప్పండి.

కాలర్: నమస్కారం మేడం. హాల్లో టీవీకి గేమ్స్ కోసం ఏదో ఒకటి కొందామనుకుంటున్నాం. మావాడు పీసీ అంటాడు, గేమ్స్ చవకగా దొరుకుతాయని. అమ్మాయి ప్లేస్టేషన్ లాంటి కన్సోల్ అంటుంది. మళ్ళీ మళ్ళీ డబ్బు పెట్టలేను సార్, అదే టెన్షన్.

నిపుణుడు: చదువుకో, ఆఫీసు పనికో ఇంట్లో కంప్యూటర్ ఉందా అండీ?

కాలర్: లాప్‌టాప్ ఉంది. అది సరిపోతోంది.

నిపుణుడు: అయితే పీసీకున్న పెద్ద బలం మీకు అక్కరకు రాదు. చదువుకీ ఆటకీ ఒకటే పెట్టె అయితే ఖర్చు గిట్టుబాటు అవుతుంది. మీకు అది ఆట ఖర్చే. కన్సోల్‌ని కంపెనీలు చాలాసార్లు తక్కువ లాభానికి, ఒక్కోసారి నష్టానికే అమ్మి, ఆ డబ్బు గేమ్స్ మీదా చందాల మీదా రాబట్టుకుంటాయి. పీసీలో ఆట బొమ్మల్ని చూపించే గ్రాఫిక్స్ కార్డు అమ్మేవాళ్ళు మాత్రం కార్డు మీదే సంపాదించుకోవాలి. అందుకే అదే స్థాయి గ్రాఫిక్స్‌కి కొన్న రోజు పీసీకే ఎక్కువవుతుంది.

కాలర్: మావాడు చెప్పింది తప్పా సార్?

నిపుణుడు: తప్పేం కాదు, బాగా ఆలోచించాడు. 2013లో ప్లేస్టేషన్ 4 వచ్చినప్పటి నుంచి అందులో కొన్న గేమ్‌ని ఆన్‌లైన్‌లో ఇతరులతో ఆడాలంటే చాలావరకు చందా కట్టాల్సిందే. ఎక్స్‌బాక్స్‌లోనూ అంతే. పీసీకి అలాంటి చందా లేదు. స్టీమ్ అని పీసీ గేమ్స్ అమ్మే ఆన్‌లైన్ దుకాణం ఉంది, అందులో కొన్న గేమ్ నచ్చకపోతే 14 రోజుల్లోపు, 2 గంటల కన్నా తక్కువ ఆడి ఉంటే, డబ్బు వెనక్కి అడగొచ్చు.

యాంకర్: మరి మీ ఇంట్లో ఏది ఉందండీ?

నిపుణుడు: మా హాల్లో ముందు పీసీయే పెట్టాను. పిల్లలు కంట్రోలర్లు పట్టుకుని సోఫాలో కూర్చునేవాళ్ళు. తెర మధ్యలో చిన్న అప్‌డేట్ బాక్స్ వచ్చేది. ఆ అక్షరాలు అంత దూరానికి ఆనవు, కంట్రోలర్‌తో అది పోదు. లేచి, కీబోర్డు వెతికి, ఓకే నొక్కేసరికి వాళ్ళకిచ్చిన అరగంటలో పది నిమిషాలు అయిపోయేవి. పాపం, వాళ్ళ ముఖాలు చూడలేకపోయేవాణ్ణి. కన్సోల్‌ని పూర్తిగా ఆపకుండా రెస్ట్ మోడ్‌లో ఉంచితే బటన్ నొక్కగానే నిన్న ఆపిన చోటి నుంచే ఆట మొదలవుతుంది. ఆ పది నిమిషాల విలువ కూడా లెక్కలో వేసుకోవాలండీ. ఇంతకీ మీ పిల్లలు ఆడేదేంటి? మౌస్‌తో ఆడే స్ట్రాటజీ గేమ్స్, లేదా మోడ్స్, అంటే ఆటగాళ్ళు గేమ్‌లో సొంతంగా చేసుకునే మార్పులు, అయితే నా మాట పక్కనపెట్టి పీసీయే కొనండి.

కాలర్: ఇద్దరూ ఫుట్‌బాల్, కార్ రేసులే సార్. పక్కపక్కన కూర్చుని.

నిపుణుడు: ఒకే సోఫాలో కూర్చుని ఆడుకుంటే ఆ ఆన్‌లైన్ చందా అక్కర్లేదండీ! కన్సోలే తీసుకోండి. డిస్క్ పెట్టే మోడలే అడగండి. ఆడేసిన డిస్క్ అమ్ముకోవచ్చు, స్నేహితులతో మార్చుకోవచ్చు. డిజిటల్‌గా కొన్నదాన్ని అలా చేయలేరు.

కాలర్: ఇంకేమైనా కొనాలా సార్?

నిపుణుడు: రెండో కంట్రోలర్. డబ్బాలో సాధారణంగా ఒకటే ఇస్తారు, రెండోదాని ధర ఇప్పుడే బడ్జెట్‌లో కలుపుకోండి. కన్సోల్ కలిపాక టీవీ సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ ఆన్ చేయండి, లేకపోతే బటన్ నొక్కాక కారు ఆలస్యంగా తిరుగుతున్నట్టు ఉంటుంది.

కాలర్: అలాగే సార్, మావాడికి కూడా ఇదే చెప్తాను.