బాలింతని చూడ్డానికి వెళ్తే బాలింతనే చూడండి

(తల్లిపాల వారోత్సవాల సందర్భంగా విశాఖపట్నం ఎంవీపీ కాలనీలోని ఒక అపార్ట్‌మెంట్ మహిళల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. చంటిపిల్లలతో వచ్చినవాళ్లకి ముందుగా ఒక మాట. బిడ్డ ఏడిస్తే లేచి బయటికి వెళ్లొద్దు, ఇక్కడే కూర్చుని పాలివ్వండి. ఈ సభలో కూడా తల్లి చాటుకి వెళ్లాల్సి వస్తే, మనం ఇన్ని కుర్చీలు వేసుకుని కూర్చోవడం దేనికి?

తల్లిపాల గొప్పతనం గురించి చెప్పమని నన్ను పిలిచారు. పుట్టిన గంటలోపు పాలు పట్టాలని, ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే చాలని ఆశా కార్యకర్త దగ్గర్నుంచి పెద్ద డాక్టరు దాకా అందరూ చెప్తూనే ఉన్నారు. నేను ఆ పాలిచ్చే మనిషి గురించి మాట్లాడతాను.

నేను చేసే పనిని పోస్ట్‌నేటల్ డూలా అంటారు. కాన్పయి ఇంటికొచ్చిన తల్లికి తోడుగా ఉంటాను. నర్సుని కాను. మందులివ్వను, కుట్లకి కట్టు కట్టను. ఆయా బిడ్డని చూసుకుంటుంది. నేను తల్లిని చూసుకుంటాను, బిడ్డని పెంచడంలో ఆమెకి ధైర్యం వచ్చేదాకా పక్కనుంటాను. వేడివేడిగా అన్నం వడ్డించి, ఆమె తిన్నంతసేపూ బిడ్డని ఎత్తుకుంటాను. బిడ్డ రొమ్ము సరిగ్గా పట్టుకుందో లేదో చూస్తాను. చనుమొన ఒక్కటే నోట్లో ఉంటే చాలదు. చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలావరకు లోపలికి వెళ్లాలి, గడ్డం రొమ్ముకి ఆనాలి. చనుమొనలు పగిలి ఏడ్చే తల్లుల్లో చాలామందికి ఈ సర్దుబాటుతోనే సగం బాధ తగ్గిపోతుంది. షిఫ్టు దిగి వచ్చిన తండ్రికి బిడ్డని తేపించడం నేర్పుతాను. మూల కూర్చుని మూతి ముడుచుకున్న పెద్ద పిల్లాడితో కాసేపు ఆడతాను.

ఈ పని ఒకప్పుడు పుట్టింట్లో జరిగిపోయేది. అమ్మ, పిన్ని, అమ్మమ్మ, మంత్రసాని అందరూ ఉండేవారు. బాలింతకి పెట్టే కాయం మందు చేసేవాళ్లొకరు, పాలసొర చేపతో పుట్టు వండేవాళ్లొకరు. ఇప్పుడు మధురవాడ ఫ్లాట్లలో భార్యాభర్తలిద్దరే. వాళ్లమ్మకి మోకాళ్ల నొప్పులు, లేకపోతే ఆవిడకీ ఉద్యోగం. 2017లో చట్టం మార్చి ప్రసూతి సెలవు 26 వారాలు చేశారు. మంచిదే, కానీ సెలవు దొరికినంత మాత్రాన పక్కన మనిషి దొరకదు కదా! ఆసుపత్రిలో కాన్పయినవాళ్ల ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో రావాలి. ఆమె వస్తే గేటు దగ్గర ఆపేయొద్దని మీ వాచ్‌మన్‌కి చెప్పండి.

గాజువాక వైపు ఒక ఇంటి సంగతి చెప్తాను. ఇది నేను ఎక్కడికెళ్లినా చెప్తాను, ఇదివరకే విన్నవాళ్లు ఇంకోసారి వినండి. మే నెల. మొదటి కాన్పు, సిజేరియన్, రెండో వారం. కిటికీలు మూసేశారు, ఫ్యాను లేదు, ఆ బాలింత పిల్ల చెవుల్లో దూది. అన్నంతోపాటు ఒక్క గ్లాసు నీళ్లు, మళ్లీ రాత్రి ఇంకో గ్లాసు. ఉక్కకి బిడ్డ ఒళ్లంతా చెమటకాయలు పేలాయి. తల్లికి విరోచనం కావడం లేదు, మూత్రంలో మంట. బిడ్డ ఏడ్చినప్పుడల్లా పాలు చాలడం లేదని ఒకటే మాట, డబ్బా పాలు కూడా కొనేశారు.

వాళ్ల అత్తగారు దుర్మార్గురాలు కాదు. "నీలు తాగితే కుట్లు సీము పడతాయమ్మా, మాయమ్మ సెప్పింది" అంది. నేను వాదించలేదు. "పిన్నిగారూ, మీ పురుడు ఎవరు చేశారండీ?" అని అడిగాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. "నన్నెవులు సూసేరమ్మా? పదకొండో రోజుకే పొయ్యి కాడికెళ్లిపోనాను. దాహమేస్తే పెరట్లో దొంగతనంగా తాగేదాన్ని" అంది.

దొంగతనంగా మంచినీళ్లు! ఆలోచించండి అమ్మా.

డాక్టరుగారికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాం. దాహమేసినప్పుడల్లా తాగాలని, మంట తగ్గాలంటే పరీక్షకి తీసుకురావాలని ఆవిడ చెప్పారు. అత్తగారే లేచి చెంబు నింపి కోడలి మంచం పక్కన పెట్టింది, కిటికీ తీసింది. ఇక పాల సంగతి. బిడ్డ ఎంత ఎక్కువసార్లు చీకితే పాలు అంత బాగా వస్తాయి. మొదటి వారం దాటాక రోజుకి ఆరుసార్లయినా పక్క తడుపుతూ, బరువు పెరుగుతుంటే పాలు చాలుతున్నట్టే. ఆ బిడ్డ బాగానే తడుపుతోంది. ఏడుపు ఉక్కకి.

తర్వాత ఒకరోజు చుట్టాలొచ్చి, బిడ్డని ఒకరి చేతుల్లోంచి ఒకరు లాక్కుంటూ, కాఫీ పెట్టమని ఆ పిల్లకే చెప్పారు. అత్తగారు కోడలికి అడ్డం నిలబడి, "గుంటని పడుకోనియ్యండి, కాపీ నాను ఎడతాను" అంది. నాకు ఆవిడ కాళ్లకి దండం పెట్టాలనిపించింది.

బిడ్డ స్నానం గురించి, నిద్ర గురించి రాసుకొచ్చాను. టైమ్ అయిపోతోంది, వాటిని వదిలేస్తాను. దీన్ని మాత్రం వదలను. గంటలోపే ప్యాడ్ పూర్తిగా తడిసిపోయినా, జ్వరం వచ్చినా, తీవ్రమైన తలనొప్పితో చూపు మసకబారినా, ఫిట్స్ వచ్చినా రేపు చూద్దాం అనుకోకండి. 108కి ఫోన్ చేయండి. బిడ్డ పాలు తాగడం మానేసినా, ఒళ్లు చల్లబడినా, అరిచేతులు, అరికాళ్లు పచ్చబడినా అంతే. మొదటి రెండు వారాలు కారణం లేకుండా ఏడుపు రావడం మామూలే. అది దాటినా తగ్గకపోతే, బిడ్డని చూస్తే ఏమీ అనిపించడం లేదని తల్లి అంటే, "అన్నీ ఉన్నాయి, నీకేం లోటు?" అనకండి. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 రాసుకోండి, తెలుగులో మాట్లాడతారు. తనకి గానీ బిడ్డకి గానీ హాని చేయాలనిపిస్తోందంటే ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇంకొక్క పని ఉంది. మీ సి బ్లాకులో ఒక తల్లీబిడ్డా నిన్ననే ఇంటికొచ్చారు. ఆమెని అడిగే చెప్తున్నాను. ఈ వారమంతా మధ్యాహ్నం భోజనం మనమే పంపిద్దాం. పప్పు, ఆకుకూర, పెరుగు చాలు. తలుపు దగ్గర ఇచ్చి వచ్చేయండి, బిడ్డని చూపించమని అడగొద్దు, ఖాళీ గిన్నెలు మీరే తెచ్చుకుని కడుక్కోండి. రేపు నేను తీసుకెళ్తాను. ఎల్లుండి ఎవరు? చేతులెత్తండి, పేర్లు రాసుకుంటాను.