రుషికుల్య తాబేళ్ల రివ్యూ: గుడ్ల రాత్రికి 3, పిల్లల రాత్రికి 5

నమస్తే అండీ. మన బరంపురం వాళ్లకి రుషికుల్య మొగ, అంటే ఆ ఏరు సముద్రంలో కలిసే చోటు, కొత్తేం కాదు, బండి మీద వెళ్లొచ్చేంత దూరమే. ఫిబ్రవరి రాగానే "తాబేళ్లు దిగాయట, పద" అని పరిగెడతాం, వీడియో తీస్తాం, వచ్చేస్తాం. అవి అలా గుంపుగా వచ్చి గుడ్లు ఎందుకు పెడుతున్నాయో మాత్రం ఎవరూ అడగరు. అందుకే ఈ రివ్యూ.

వచ్చేవి ఆలివ్ రిడ్లేలు. సముద్ర తాబేళ్లలో చిన్న రకం, మామూలుగా 50 కిలోల లోపే. 2025 ఫిబ్రవరిలో ఈ ఒక్క తీరంలోనే దాదాపు 7 లక్షలు గుడ్లు పెట్టాయని లెక్క తేల్చారు.

ముందు గుడ్లు పెట్టే రాత్రి సంగతి. అన్నింటినీ చూడాలని తిరక్కండి, ఒకదాని వెనకే కూర్చోండి. వెనక కాళ్లతో ఒకటి మార్చి ఒకటి ఇసుక తోడుతుంది. మూరెడు లోతు గొయ్యి, నూరు పైచిలుకు గుడ్లు. పూడ్చాక ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ, డిప్పతో దిమ్మిస కొట్టినట్టు ఇసుకని దంచుతుంది. ఆ దబ్ దబ్ శబ్దం నేను తీసిన క్లిప్పులో బాగా పడింది. ఇలా ఒంటితో దంచడం రిడ్లేలకే ఉన్న అలవాటు.

మరి అన్నీ ఒకేసారి ఎందుకు దిగాలి? ఒంటరి గూడైతే కుక్కలు, నక్కలు, పందులు తవ్వి తినేస్తాయి. నాలుగైదు రాత్రుల్లో లక్షల గూళ్లు పడితే ఎన్ని కుక్కలు ఎంతని తింటాయి? తినగా మిగిలేవే ఎక్కువ. గుంపుతో దిగినవాటి పిల్లలు బతికాయి, తరాల తరబడి ఆ గుణమే నిలిచింది. కానీ గుంపుకి నష్టమూ ఉంది. వెనకొచ్చింది ముందుదాని గూడు తవ్వి పారేస్తుంది. పగిలిన గుడ్లు కుళ్లి పక్కవాటినీ చెడగొడతాయి. అందుకే చూడండి, ఒడిశాలో గుంపులు దిగే గహిర్మఠ, దేవి, రుషికుల్య మూడూ ఏటి మొగల దగ్గరివే. వరదొచ్చి పాత ఇసుకని ఈడ్చుకుపోతుంది, కొత్త ఇసుక పడుతుంది. ఇదే జాతిలో ఒంటరిగా పెట్టేవీ ఉన్నాయి, కింద శ్రీకాకుళం తీరంలో కనిపించేవి అవే. రెండు పద్ధతులూ ఇంకా నడుస్తున్నాయంటే రెండింటికీ ఎంతో కొంత గిట్టుబాటు ఉన్నట్టే. నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చింది ఇదే.

మరి గుడ్ల రాత్రికి 5కి 3 మార్కులే ఎందుకిచ్చానంటే, జనం. సెల్‌ఫోన్ ఫ్లాషులు, కేకలు. గుడ్లు పెట్టడం మొదలెట్టకముందు వెలుతురు పడితే తాబేలు తిరిగి సముద్రంలోకే పోతుంది. నా పక్కన ఒకాయన టార్చి వేస్తే, మన తెలుగు జాలరి తాత ఒకాయన, "లైటార్పు బాబూ, ఎనక్కెలిపోద్ది" అని గట్టిగానే అన్నారు. ఈ తాబేళ్ల కోసమే నవంబరు 1 నుంచి మే 31 దాకా ఈ మొగ దగ్గర చేపల వేట ఆపుకుంటారు జాలర్లు. ఆ మాట అనే హక్కు ఆయనకుంది.

ఇక పిల్లల రాత్రి. 45 నుంచి 60 రోజులకి బయటపడతాయి. ఆడా మగా అన్నది తల్లి కడుపులో తేలదు, ఇసుక వేడి తేలుస్తుంది. సుమారు 30 డిగ్రీలకి అటూ ఇటూగా హద్దు; వేడెక్కితే ఆడవి, చల్లబడితే మగవి ఎక్కువ. ఎండలు ముదిరే కొద్దీ మగవి తగ్గిపోతాయేమో అన్నదే ఇప్పుడు అసలు బెంగ. పిల్లలు మామూలుగా పగలు పైకి రావు. రాత్రి పైపొర చల్లబడిందని తెలిశాకే, ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ ఇసుక చీల్చుకుని వస్తాయి. వచ్చి ఎటు వెలుతురుంటే అటే నడుస్తాయి. వెనకటికి అక్కడ వెలుగంటే సముద్రమే. ఇప్పుడు రోడ్డు లైట్లూ ఉన్నాయి, పాపం అటూ పోతాయి. ఊరి కుర్రాళ్లు ఏరి నీళ్ల దగ్గర వదులుతారు. దీనికి 5కి 5.

వెళ్లేవాళ్లు ఏప్రిల్లో, ముందే ఊళ్లో కనుక్కుని వెళ్లండి, కొన్నేళ్లు గుంపులు అసలు దిగవు. తెల్లవారుజామున 4కల్లా అక్కడుండాలి. ఆ వేళకి టీ కొట్టు తెరవరు, ఫ్లాస్కు మీరే తెచ్చుకోవాలి.