షుగర్ పేషెంట్‌ని కుంగదీసేది షుగర్ కాదు, ఇంట్లోవాళ్ళే!

నమస్తే అండీ. ఒక మాట సూటిగా చెప్పేస్తాను, తిట్టాలంటే తర్వాత తిట్టండి. షుగర్ ఉన్న మనిషి బుర్రలో తిరిగే నెగటివ్ ఆలోచనలు చాలావరకు అతని సొంతం కావు. ఇంట్లోవాళ్ళు నూరిపోసినవి.

"పాజిటివ్‌గా ఆలోచిస్తే షుగర్ దానంతట అదే పోతుంది" అనే రీల్స్ మీద గొడవ మీరు చూస్తూనే ఉన్నారు. నాకు ఒళ్ళు మండేది ఎక్కడంటే, పోకపోతే నువ్వు సరిగ్గా ఆలోచించలేదన్నమాటేగా! రోగమూ నీదే, తప్పూ నీదే.

రాత్రి రెండు పుల్కాలు తిని పడుకున్నారు. పొద్దున్న ఫాస్టింగ్ 168. వెంటనే వంటింట్లోంచి, "రాత్రి ఫ్రిజ్ తీసిన చప్పుడైంది, ఏం తిన్నారు?" అమ్మా, ఏమీ తినలేదు! తెల్లవారుజామున ఒంట్లో కార్టిసాల్, గ్రోత్ హార్మోన్ లాంటివి పెరుగుతాయి, లివర్ గ్లూకోజ్‌ని రక్తంలోకి వదులుతుంది. షుగర్ లేనివాళ్ళకి ఇన్సులిన్ సర్దేస్తుంది, ఉన్నవాళ్ళకి అంకె ఎక్కుతుంది. డాన్ ఫినామినన్ అంటారు దీన్ని. జ్వరమొచ్చినా పెరుగుతుంది, స్టెరాయిడ్ వాడినా పెరుగుతుంది. కానీ మన ఇళ్ళల్లో గ్లూకోమీటర్ అంటే ప్రోగ్రెస్ కార్డు! మార్కులు తగ్గితే క్లాసు తప్పదు. అందుకే చాలామంది మీటర్ని బీరువాలో పడేస్తారు. చూడకపోతే తిట్లుండవు కదా.

ఆరన్ బెక్ అనే సైకియాట్రిస్ట్ ఉండేవారు. 1960ల్లో ఫిలడెల్ఫియాలో డిప్రెషన్ పేషెంట్ల మాటలు విని విని ఒకటి పట్టుకున్నారు. వాళ్ళ ఆలోచనలు మూడు వైపులకే పోతాయట: నేను పనికిరాను, లోకం నాకు ఎదురే, ముందుముందూ ఇంతే.

ఇప్పుడు మన డైనింగ్ టేబుల్ దగ్గరికి రండి. "నోరు కట్టుకోవడం నీకు చేతకాదు." ఒకటి అయిపోయింది. పెళ్ళి భోజనంలో పక్క వరసలోంచి పిన్నిగారు, "వాడికి బూరె వెయ్యకండి, షుగరు!" అని నలుగురికీ వినపడేలా. రెండు. (ఆవిడ మాత్రం మూడో బూరె మీద ఉన్నారు, టెస్ట్ ఎప్పుడు చేయించుకున్నారో అడగకండి.) "మీ పెదనాన్నకి కాలు తీసేశారు, గుర్తుందిగా?" మూడు. బెక్ చెప్పిన మూడూ హోమ్ డెలివరీ!

ఇక ఆ మనిషి ఏమవుతాడు? ఒక్క జిలేబీ తింటాడు. "ఎలాగూ చెడిపోయాను" అని పావుకిలో లాగించేస్తాడు. మర్నాడు మాత్ర కూడా మానేస్తాడు.

షుగర్ ఉన్నవాళ్ళలో డిప్రెషన్ మిగతావాళ్ళ కంటే దాదాపు రెట్టింపు అని పరిశోధనలు చెబుతున్నాయి. జన్యువులు, జబ్బు భారం, ఖర్చు కూడా ఉంటాయని కామెంట్లలో క్లాసు పీకుతారు, తెలుసు. ఉంటాయి. అయినా నేను డైనింగ్ టేబుల్‌ని వదలను.

ఎందుకంటే ఇది వినండి. షుగరూ డిప్రెషనూ రెండూ ఉన్న 404 మంది మీద మన దేశంలోనే నాలుగు క్లినిక్కుల్లో ట్రయల్ జరిగింది, అందులో ఒకటి మన విశాఖపట్నంలోనే. 2020లో జామా (JAMA) అనే అమెరికన్ వైద్య జర్నల్‌లో ఫలితాలొచ్చాయి. ఏం చేశారు, మంత్రాలా? కేర్ కోఆర్డినేటర్ అని ఒక మనిషిని పెట్టారు, డాక్టర్ కూడా కాదు. మనసెలా ఉంది, మందులు వేసుకుంటున్నారా అని క్రమం తప్పకుండా కనుక్కోవడం వాళ్ళ పని. ఆ వివరాలు చూసి స్పెషలిస్టులు మందుల్లో మార్పులు సూచించారు. మామూలు వైద్యం అందినవాళ్ళ కంటే వీళ్ళలో ఎక్కువమందికి డిప్రెషన్ సగానికి తగ్గి, దాంతోపాటు షుగరో, బీపీయో, కొలెస్ట్రాలో కూడా మెరుగైంది. మందులు మానేసి కాదు, రీల్ బాబులూ, వేసుకుంటూనే! నన్నడిగితే అక్కడ పనిచేసింది తిట్టకుండా అడిగిన ఆ మనిషే.

రెండు వారాలుగా దేని మీదా మనసు పోవట్లేదంటే షుగర్ డాక్టర్‌కే ఆ మాట చెప్పండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు.

ఇప్పుడు కామెంట్లలో నిజం చెప్పండి. ఫాస్టింగ్ ఎక్కువొచ్చిన రోజు మీ ఇంట్లో మొదట నోరు తెరిచేది ఎవరు, అనే మాట ఏంటి?