వాటా ఊరికి, సంతకం శాఖకు: ఉమ్మడి అటవీ యాజమాన్యంపై చర్చ

వ్యాఖ్యాత: అడవిని ఊరూ అటవీ శాఖా కలిసి కాపాడాలని, రాబడిలో ఊరికి వాటా ఇవ్వాలని కేంద్రం 1990 జూన్‌లో ఇచ్చిన మార్గదర్శకాలను అనుసరించి 1992లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ వన సంరక్షణ సమితులు మొదలయ్యాయి. ఈ ఏర్పాటు ఊరికి న్యాయం చేసిందంటారా?

విశ్రాంత అటవీ అధికారి: బోడిగుట్టలు చాలాచోట్ల మళ్లీ పచ్చబడ్డాయండీ. వేసవిలో కార్చిచ్చు రేగితే మా సిబ్బంది కంటే ముందు ఊరివాళ్లే పరుగెత్తేవారు. ఆ సంగతి ఒప్పుకోకుండా విమర్శకు దిగడం సబబు కాదు.

గ్రామసభ ప్రతినిధి: మంట ఆర్పింది మేమేనని మీరే అన్నారు సార్, సంతోషం. కానీ సమితి ఖాతాలోంచి డబ్బు తీయాలంటే మా అధ్యక్షుడి సంతకం పక్కన ఫారెస్టరు సంతకం ఉండాలి. ఆయన బదిలీ అయితే కొత్తాయన వచ్చేదాకా కూలి డబ్బులు ఆగేవి. కొన్ని ఊళ్లలో పోడు చేసుకుంటున్న చెలకల్లోనే సమితి పేరుతో మొక్కలు నాటించడంతో, తగాదా శాఖతో కాకుండా ఇరుగుపొరుగు మధ్యనే రగిలింది.

న్యాయవాది: అసలు చిక్కు అక్కడే ఉంది. సమితి ప్రభుత్వ ఉత్తర్వుతో పుట్టింది కాబట్టి మరో ఉత్తర్వుతో పోవచ్చు. 2006 అటవీ హక్కుల చట్టం మాత్రం సామూహిక అడవిని కాపాడుకునే, నిర్వహించుకునే హక్కును ఊరికే ఇచ్చి, వెదురును, తునికాకును చిన్నతరహా అటవీ ఉత్పత్తులుగా గుర్తించింది. అయినా మన దగ్గర కొన్ని సామూహిక హక్కు పత్రాలను గ్రామసభల పేరిట కాకుండా సమితుల పేరిటే ఇచ్చారు. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా మేండా లేఖా గ్రామసభ 2011లో వెదురు రవాణా అనుమతులిచ్చే అధికారాన్ని తన చేతుల్లోకి తెచ్చుకుంది.

అధికారి: అన్ని ఊళ్లూ మేండా లేఖా కావు. లెక్కలు రాసేవాళ్లు లేనిచోట దళారులు చొరబడతారు.

ప్రతినిధి: తునికాకు కట్టకు యాభై ఆకులు, ఒక్కటి తగ్గినా కల్లంలో కట్టను పక్కన పడేస్తారు. ఆ లెక్క చిన్నప్పటి నుంచీ చేస్తున్న మాకు పద్దు రాయడం రాదంటారా? నేర్పకుండానే రాదని తేల్చేస్తున్నారు.

వ్యాఖ్యాత: సూటిగా అడుగుతాను. రవాణా అనుమతి పుస్తకం గ్రామసభకు ఇచ్చేయవచ్చా?

అధికారి: ఇవ్వాల్సిందే. అటవీ హక్కుల చట్టం కింద 2012లో సవరించిన నియమాల్లోనే ఆ వీలుంది. అయితే గ్రామసభ రాసిచ్చిన కాగితాన్ని చెక్‌పోస్టులో గౌరవించకపోతే లారీ కదలదు.

న్యాయవాది: కాబట్టి చెక్‌పోస్టులకు ఆ మేరకు రాతపూర్వక ఆదేశం వెళ్లాలి. అది జారీ చేయాల్సింది శాఖే, గ్రామసభ కాదు.