ఓసారి చెప్పు విప్పండి పెద్దాయనా

నమస్కారమండీ. మా పెదనాన్న గుంటూరు మిర్చి యార్డులో ఓ కమీషన్ కొట్లో గుమస్తాగా చేసేవాడు. గేటు దగ్గర ఆటో దిగి కొట్టుదాకా వెళ్లేలోపు రెండుసార్లు ఆగేవాడు. టిక్కీల మీద, అదే మిర్చి బస్తాల మీద చెయ్యేసి, పక్కవాళ్లతో రేటు మాట్లాడుతున్నట్టు నిలబడేవాడు. రెండు నిమిషాలయ్యాక మళ్లీ నడక. ఆయనకి కబుర్లెక్కువ అనుకునేవాళ్లం మేము. కబుర్లు కాదండీ, కుడి పిక్క పట్టేసేది. నిలబడితే వదిలేది. నడిస్తే సరిగ్గా అంతే దూరానికి మళ్లీ పట్టేసేది. జర్మనీ వాళ్లు ఈ జబ్బుని 'షాపు అద్దాల జబ్బు' అంటారట. నొప్పికి ఆగినవాళ్లు షాపులో సరుకు చూస్తున్నట్టు నిలబడతారని ఆ పేరు. అది చదివినరోజు నాకు టిక్కీల మీద పెదనాన్న చెయ్యే కనపడింది.

ఏడాదిన్నరపాటు నరాల బలహీనత అన్నారు. సూదులు పొడిచారు, బిళ్లలు ఇచ్చారు. అన్నిసార్లు వెళ్తే ఒక్కళ్లు కూడా ఆయన్ని చెప్పు విప్పమనలేదు. చివరికి బొటనవేలు నల్లబడింది.

ఇందులో మన మాట తప్పు కూడా ఉందండీ. మనకి అన్నీ నరాలే. స్పర్శ తెలిపేదీ నరమే, సూది గుచ్చేదీ నరమే, పిక్క మీద ఉబ్బి నీలంగా మెలికలు తిరిగేదీ నరమే. కానీ మా పెదనాన్న జబ్బు ధమనిది. గుండె నుంచి కాలికి రక్తం తెచ్చే గొట్టం లోపల కొవ్వు, సున్నం పేరుకుని సన్నబడిపోయింది. కూర్చున్నప్పుడు ఆ కాస్త రక్తమే సరిపోతుంది. నడిస్తే కండ ఎక్కువ అడుగుతుంది, దొరకదు, అందుకే నొప్పి. దానికి ఎన్ని బీ కాంప్లెక్స్ సూదులు వేయించుకున్నా ఆ గొట్టం తెరుచుకోదు.

కనిపెట్టడానికి పెద్ద మిషన్లేం అక్కర్లేదు. ఆ తరవాత మేం వెళ్లిన డాక్టరుగారు చేసిన మొదటి పని, "ఓసారి చెప్పు విప్పండి పెద్దాయనా" అనడం. పాదం మీద, బొటనవేలికీ పక్కవేలికీ మధ్య నుంచి కాస్త పైకి జరిపి రెండు వేళ్లు ఆనించారు. నాడి లేదు. జెల్ రాసి, రక్తం పారే చప్పుడు వినిపించే పెన్నులాంటి డాప్లర్ పెట్టారు. ఎడమ కాలికి డుబ్ డుబ్‌మని గట్టిగా వినిపించింది. కుడి కాలికి గాలి ఊదినట్టు సన్నటి చప్పుడు. మా పెద్దమ్మకి ఎవరూ వివరించక్కర్లేకపోయింది.

తరవాత చీలమండ దగ్గర బీపీ చూసి, చేతి బీపీతో భాగించారు. 0.9 కానీ అంతకన్నా తక్కువ కానీ వస్తే కాలి ధమని మూసుకుపోతోందని లెక్క. షుగరు ఉన్నవాళ్లలో ధమని గోడలు గట్టిపడి ఈ అంకె దొంగగా ఎక్కువ చూపించొచ్చు, అలాంటప్పుడు కాలివేలి దగ్గర బీపీ చూడాలి. పైగా షుగరుతో స్పర్శ పోయినవాళ్లకి నొప్పే తెలియదు. వాళ్ల గురించే నా భయమంతా.

వేలు నల్లబడగానే కాలు తీసెయ్యాలనే మాట మన ఇళ్లల్లో చాలా తొందరగా వస్తుంది. 1964 జనవరి 16న అమెరికాలో పోర్ట్‌లాండ్‌లో ఒక 82 ఏళ్ల ముసలావిడకి కూడా ఇదే మాట చెప్పారు. ఆవిడ ససేమిరా అంది. అప్పుడు చార్లెస్ డాటర్ అనే డాక్టరు కొయ్యకుండా, తొడ ధమనిలోకి గొట్టాలు పంపి సన్నబడ్డ చోటుని వెడల్పు చేశాడు. కాలు వెచ్చబడింది. ఆవిడ తన కాళ్ల మీద తాను నడుస్తూనే ఇంకో రెండున్నరేళ్లు బతికింది. పదేళ్లకి జ్యూరిక్‌లో గ్రూన్‌ట్సిగ్ అనే డాక్టరు తన వంటింటి బల్ల మీద తయారుచేసిన, ధమనిని లోపల్నుంచి ఉబ్బి వెడల్పు చేసే బెలూన్ కూడా ముందు కాలి ధమనిలోకే వెళ్లింది. గుండెకి 1977లో గానీ రాలేదు.

ఇప్పుడు బెలూనా, బైపాసా అన్నది పెద్ద చర్చ. బైపాస్ అంటే, గుండెకి రక్తం తిరిగి తీసుకెళ్లే గొట్టమైన సిరని కాలి నుంచి తీసి, అడ్డంకి పక్కనుంచి రక్తానికి దారి వెయ్యడం. 2022లో బెస్ట్ సీఎల్ఐ అనే పరిశోధన 1,830 మందిని చూసి, తొడ లోపలివైపు సిర బాగున్నవాళ్లకి బైపాసే మేలంది. మరుసటి ఏడాది బ్రిటన్ వాళ్ల బేసిల్ 2 అనే పరిశోధన, మోకాలి కింద అడ్డంకులున్నవాళ్లలో ముందు బెలూన్‌తో వెళ్లినవాళ్లే మెరుగంది. ఒకదానికొకటి ఎదురే. నాకర్థమైనంతలో, అందరికీ ఒకే మందు లేదు. "నా సిర స్కాన్ చేసి చూశారా, అడ్డంకి ఎక్కడుంది?" అని మీరు అడగాలి. రెండూ చెయ్యగల చోట అడిగితే ఇంకా మంచిది. ఇక మందుల సంగతి. 2025లో వచ్చిన స్ట్రైడ్ అనే పరిశోధనలో, ఈ జబ్బుతో పాటు షుగరు కూడా ఉన్నవాళ్లలో షుగరు మందు సెమాగ్లుటైడ్ వాడినవాళ్లు, ఏడాది తరవాత, వాడనివాళ్లకన్నా సుమారు 13 శాతం ఎక్కువ దూరం నడవగలిగారు.

పుండు లేనివాళ్లకి నడకే పెద్ద వైద్యం. వారానికి మూడు రోజులు, అరగంట నుంచి ముప్పావుగంట. నొప్పి ఓ మాదిరిగా వచ్చేదాకా నడిచి, ఆగి, తగ్గాక మళ్లీ నడవాలి. మూడు నెలలు. డాక్టరుకి చూపించుకుని, మన గుంటూరు ఎన్టీఆర్ స్టేడియం ట్రాకు మీద మొదలుపెట్టండి. చుట్ట, బీడీ, సిగరెట్టు మాత్రం పూర్తిగా మానాలి. పొగాకు బోర్డు ఆఫీసు ఉన్న ఊళ్లో ఉండి చెబుతున్నాను, కాలి ధమనికి దాన్ని మించిన శత్రువు లేదు.

పెదనాన్నకి బెలూన్ వేశారు. వేలు పోయింది, కాలు దక్కింది.

ఇంకొక్కటి. కాలు ఉన్నట్టుండి చల్లబడి, పాలిపోయి, విపరీతంగా నొప్పి పెట్టి, తిమ్మిరెక్కితే అది వేరే సంగతి. లోపల రక్తం గడ్డకట్టి అడ్డుపడి ఉండొచ్చు. ఆరు గంటలు దాటేకొద్దీ కండ చచ్చిపోతుంది. జండూబామ్ రాసి పడుకోబెట్టకండి. అర్ధరాత్రయినా సరే, రక్తనాళాల సర్జన్ ఉన్న ఆసుపత్రి ఏదో ఫోన్లో కనుక్కుని, బండి ఎక్కించండి.