ముందు కాగితం, తర్వాతే స్టాంపు

అందరికీ నమస్కారమండీ. అసలు పని టేబుళ్ల దగ్గరే కాబట్టి నేను సూటిగా విషయానికొచ్చేస్తా.

హ్యాండ్‌మేడ్ పేపర్ మీద బొమ్మలద్దే రబ్బరు స్టాంపు సరిగ్గా పడకపోతే చాలామంది స్టాంపునే తిట్టుకుంటారు, లేదా ఇంకు మార్చేస్తారు. నన్నడిగితే ముందు కాగితం సంగతి చూడాలి. ఓ మూల నీటి చుక్క వేయండి, టక్కున ఇంకిపోయిందంటే సైజింగ్, అంటే తడి పీల్చకుండా కాగితానికి వేసే పూత, లేదన్నమాట, నీళ్లలో రంగు కరిగించిన మామూలు డై ఇంకు దాని మీద పాకిపోయి సన్నగీతలన్నీ లావెక్కిపోతాయి. అలాంటి కాగితానికి పల్చటి గంజి ఓ పూత వేసి, ఆరాక బరువైన పుస్తకాల కింద పెడితే చాలావరకు దారికొస్తుంది. కాకపోతే గంజికి పురుగు పడుతుంది. బైండింగ్ వాళ్లు అందుకే మైదా జిగురులో మైలుతుత్తం కలుపుతారు, అది విషం, పిల్లలున్న ఇంట్లో నేనైతే వద్దంటాను.

ఇక కాగితం నున్నగా ఉండదు కదా, కింద పాత మౌస్‌ప్యాడ్ పెట్టి నొక్కండి, రబ్బరు పల్లాల్లోకి కూడా దిగుతుంది. అయినా అక్కడక్కడా గ్యాపులు వస్తాయి. రానివ్వండి, నాకు అవే ఇష్టం. అక్కడ కలర్ పెన్సిలో, పాత చీర అంచు ముక్కో, వరసగా చిన్న చిన్నగా వేసే కాంతా కుట్లు రెండో వేసుకోవచ్చు.

ఎంబాసింగ్, అంటే తడి ఇంకు మీద పౌడరు చల్లి వేడితో కరిగించి గీతలు ఉబ్బెత్తుగా తేవడం, చేసేవాళ్లకి ఒక మాట. స్టాంపు వేసేముందే కాగితం మీద కాస్త టాల్కమ్ పౌడరు రుద్ది దులిపేయండి, లేకపోతే ఎంబాసింగ్ పౌడరు పీచుల్లో ఇరుక్కుని చుక్కలు చుక్కలుగా మిగులుతుంది. హెయిర్ డ్రయ్యర్‌తో పనవ్వదు, వేడి చాలదు సరికదా పౌడరంతా ఎగరగొడుతుంది, బాగా వేడి గాలి ఊదే హీట్ గన్ ఉండాల్సిందే.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన ప్రయోగం. పెడనలో కలంకారీ అద్దేవాళ్లు గుడ్డని ముందు కరక్కాయ నీళ్లలో ముంచుతారు, నల్లరంగుకేమో ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో వారాల తరబడి నానబెడతారు. అదే పద్ధతి కాగితం మీద చేసి చూడండి. కరక్కాయ పొడి నీళ్లలో కలిపి వడగట్టి బ్రష్‌తో పూస్తే కాగితం లేత పసుపుకి తిరుగుతుంది, బాగా ఆరనివ్వాలి. ఇనుము నీళ్లు పల్చగా ఉంటే రబ్బరు మీద నిలవవు, జారిపోతాయి, అందుకని తుమ్మ జిగురు కలిపి చిక్కబరచాలి. స్పాంజి మీద పోసుకుని స్టాంపుకి అద్ది కాగితం మీద నొక్కితే, పడ్డప్పుడు బూడిదరంగులో కనిపించే గీత మీరు చూస్తుండగానే నల్లబడుతుంది. కరక్కాయలో ఉన్న టానిన్ అనే వగరు పదార్థం ఇనుముతో కలవడం వల్ల అలా అవుతుంది, యూరప్‌లో వందల ఏళ్లు వాడిన రాత సిరా కూడా ఇలాంటిదే. ఆ సిరా లాగే ఇది కూడా ఏళ్లు గడిచేకొద్దీ కాగితాన్ని తినేయొచ్చు, అందుకే గ్రీటింగ్ కార్డులకి ఓకే గానీ దాచుకునే ఆల్బమ్‌లకి వాడకండి.

స్టాంపు కొనక్కర్లేదు, పెద్ద ఎరేజర్ మీద బ్లేడుతో చెక్కుకోండి, అక్షరాలైతే తిరగేసి చెక్కాలి. రిజిస్ట్రార్ ఆఫీసు పక్కన సీళ్లు చేసే షాపులో బొమ్మ గీసిచ్చినా చేసిపెడతారు, కాకపోతే బయట సగం మందికి ఈ సంగతి తెలీదు. ఇనుము నీళ్లు అంటిన స్టాంపుని వెంటనే కడిగి నీడలో ఆరబెట్టండి, ఎండలో పెడితే రబ్బరు పగుళ్లొస్తుంది.

కరక్కాయ పూసిన కాగితాలు ఆ చివరి టేబుల్ మీదున్నాయి, తలా ఒకటి తీసుకోండి, నల్లమరక బట్టకంటితే పోదు, కొంగులు జాగ్రత్త.